సీతారత్నం ఎక్కనన్న బండి

నేను ఒక మోటార్ సైకిల్ని. ఎక్కడో ఉత్తరాన ఒక పెద్ద కార్ఖానాలో పుట్టాను. పుట్టగానే అందరిలా ఏడవలేదు, దగ్గాను. తెల్లకోటు మనిషి ఒకడు వచ్చి నా చెవి మెలిపెట్టి, ఆ దగ్గు విని, బాగుందని తలూపి, నా పక్కదాని చెవి మెలిపెట్టడానికి వెళ్ళిపోయాడు. వీళ్ళతో మనకి కష్టమేనని నాకు అప్పుడే అర్థమైంది. చెవి మెలిపెడితే ముందుకు కదిలేది లోకంలో బడిపిల్లలూ, నేనూ మాత్రమే.

లారీలో తెచ్చి మండపేట షోరూములో దింపారు. నన్ను మొదట కొన్నది పెళ్ళికాని కుర్రాడు. నాకు పొద్దునా సాయంత్రం షాంపూ స్నానం, వాడికి మాత్రం రెండు రోజులకోసారి. ఆడపిల్లల కాలేజీ కనబడితే చాలు, నన్ను ఎగిరెగిరి దూకించేవాడు. నేనూర్కుంటానా? సరిగ్గా కాలేజీ గేటు ముందుకొచ్చాక టప్పుమని ఆగిపోయేదాన్ని. వాడి చేత కిక్కు కొట్టించి కొట్టించి, చొక్కా తడిపించి, పిల్లలంతా నవ్వుకుంటూ వెళ్ళిపోయాక ఒక్క కిక్కుకే లేచి కూర్చునేదాన్ని. వాడికి పెళ్ళయింది, కారొచ్చింది, నన్ను అమ్మేశాడు. వెళ్ళేటప్పుడు కాస్త ఏడుస్తాడేమో అని చూశాను. నా అద్దంలోనే తల దువ్వుకుని వెళ్ళిపోయాడు.

తరవాత పెళ్ళివంటల సోమేశం చేతిలో పడ్డాను. బూరెల మూకుడు, మనిషంత గరిటెలు, మూటలు మూటలుగా కూరగాయలు అన్నీ నా నడుం మీదే. వెనక సీటుకి పట్టిన ఇంగువ వాసన ఎన్ని వానల్లో తడిసినా పోలేదు. మిగతా బళ్ళ వెంటపడి మొరిగే వీధికుక్కలు నన్ను మాత్రం తోకలూపుతూ ఊరి చివరిదాకా సాగనంపేవి. సోమేశం వ్యాను కొనుక్కున్నాక నన్ను వాకిట్లో అమ్మకానికి నిలబెట్టాడు.

అక్కడికొచ్చాడండీ మా బుల్లబ్బాయి.

పేరే బుల్లబ్బాయి. మనిషికి యాభై దాటాయి, మీసానికి రంగు. వీధిలో టైలరు పని. మెళ్ళో టేపు తియ్యడం మర్చిపోయి అలాగే వచ్చేశాడు. నన్ను ముందు నుంచీ వెనక నుంచీ చూసి, చొక్కా కొలత తీసేవాడిలా హ్యాండిలు ఈ కొస నుంచి ఆ కొసకి జానలేశాడు.

"బండి తోలి ఎన్నాళ్ళయిందేంటండీ?" అనడిగాడు సోమేశం.

"పద్దెనిమిదేళ్ళండి. అయితే మాత్రం? వచ్చిన విద్య ఎక్కడికి పోద్దండీ!"

ఎక్కాడు. కిక్కు కొట్టాడు. కొత్త మనిషి కదా అని మర్యాదకి లేచాను. అప్పుడు కుడికాలితో నా బ్రేకుని టకటకా తొక్కడం మొదలెట్టాడు. తొక్కాడు, వంగి చూశాడు, మళ్ళీ తొక్కాడు.

"గేరు పడ్డం లేదేంటండీ? గేర్లు పోయిన బండి అంటగడతన్నారా నాకు?"

సోమేశం నోరు తెరిచాడు. నాకు నోరు లేదు గానీ, ఉంటే అంతకన్నా పెద్దగా తెరిచేదాన్ని.

"గేరు ఎడంకాలికండీ బాబూ! కుడికాలి కింద ఉన్నది బ్రేకండీ!"

"నా పాత డుబుడుబు బండికి కుడికాలే గేరు, ఎడంకాలే బ్రేకు."

"ఆ బళ్ళు పోయి ఎంతకాలమైందండీ!"

"తెలుసులెండి. ఆ మాత్రం తెలీదేంటి?" అన్నాడు బుల్లబ్బాయి.

తెలుసు, నిజమే. బుర్రకి తెలుసు. కాళ్ళకే ఎవరూ చెప్పలేదు.

ఇంటికొచ్చేసరికి ఆయన భార్య సీతారత్నం గుమ్మం పక్కన మందారానికి నీళ్ళు పోస్తోంది. నన్ను చూసింది. చెంబు వంచింది వంచినట్టే ఉండిపోయింది. నీళ్ళన్నీ ఆవిడ కాళ్ళ మీదే పడుతున్నాయి, ఆవిడకి తెలియడం లేదు.

"ఏంటండీ ఇది?"

"బండి."

"అది కనబడతానే ఉంది. ఎవరిదని?"

"మనదే సీతా. వెనకాలెక్కు, అలా కాలవ లాకుల దాకా ఒక రౌండు కొట్టొద్దాం."

"మీ వెనకాల ఈ జన్మకి ఎక్కనని ఒట్టేశాను. మర్చిపోయారా? మర్చిపోతారులెండి, మీకది అలవాటేగా!" అని చెంబు అక్కడే పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

ఒట్టు కథ నాకు మర్నాడు షాపు ముందు నిలబడ్డప్పుడు తెలిసింది. పక్క టీకొట్టాయన వచ్చినవాళ్ళందరికీ నన్ను చూపించి మరీ చెప్పాడు.

పద్దెనిమిదేళ్ళ కిందట మొగుడూ పెళ్ళాం ఇద్దరూ డుబుడుబు బండి మీద ద్రాక్షారామం, ఆవిడ పుట్టింటికి బయల్దేరారట. దారిలో రామచంద్రపురంలో ఆగి అరటిగెల కొన్నారు. కొట్టువాడు గెల తెచ్చి వెనక సీటు మీద పెట్టాడు. సీతారత్నం చీర కుచ్చిళ్ళు సర్దుకుంటోంది. సీటు మీద బరువు దిగిందా, మా బుల్లబ్బాయి క్లచ్చి వదిలేశాడు! దారంతా గెలతో కబుర్లు. కొత్త షాపు ఎక్కడ పెట్టాలో చెప్పాడట, పిల్ల పుడితే ఏ పేరు పెడదామో అడిగాడట. "ఈయాళ ఎంత బుద్ధిగా వింటన్నావే!" అని మెచ్చుకున్నాడట కూడా. అత్తారింటి సందులో వీధివీధంతా చూస్తుండగా బండి ఆపి, "దిగు" అన్నాడట.

దిగడానికి ఎవరున్నారు? గెల.

వింటుంటే నాకు ప్లగ్గులో మంట రాలేదు. పెళ్ళివంటల గరిటెని కూడా సోమేశం ఎప్పుడూ దారిలో మర్చిపోలేదండీ!

ఆవిడ సాయంత్రానికి బస్సులో పుట్టింటికి చేరి ఒట్టేసింది. ఆయన బండి అమ్మేశాడు. అప్పట్నుంచి అత్తారింట్లో ఆయన పేరు 'గెల బావ'. ఏ భోజనాల్లో కూర్చున్నా ఆయన విస్తట్లో అరటిపండు రెండేస్తారు. బావమరిది దొరబాబైతే బస్సు దిగి నడిచొస్తున్న మనిషిని కూడా ఆపి, "బావా, అక్కుందో లేదో ఓసారి ఎనక్కి చూసుకో" అంటాడు.

ఇన్నేళ్ళూ నవ్వి ఊరుకున్నాడు. ఇప్పుడు దొరబాబు కూతురికి ఓణీల వేడుక, ఆదివారం. చుట్టాలందరూ వస్తారు. సీతారత్నాన్ని వెనక కూర్చోబెట్టుకుని, ఆ సందులోకి, అందరూ చూస్తుండగా, పట్టపగలు ఒక్కసారి వెళ్ళాలి. మా బుల్లబ్బాయి నన్ను కొన్నది అందుకు. అంతకుమించి ఇంకే కోరికా లేదు పాపం.

కాలవగట్టు మీద సాధన మొదలెట్టాడు. రెండు హెల్మెట్లు కొన్నాడు. ఒకటి తలకి, ఒకటి వెనక సీటుకి కట్టాడు. రోడ్డు ఖాళీగా ఉన్నంతసేపూ బాగానే తోలాడు, పాటలు కూడా పాడాడు. అంతలో చేలోంచి బాతులు! ఒకటా రెండా, కోతలయిన చేలల్లో మేపుకునే మంద మొత్తం బిలబిలమంటూ రోడ్డెక్కింది.

బుల్లబ్బాయి కంగారుపడి ఎడంకాలు ఎత్తి ధనామని తొక్కాడు.

ఎడంకాలి కింద ఉన్నది నా గేరు. తొక్కితే ఇంకో గేరు పైకి పడింది. ఆగాలనుకుని ఇంకా గట్టిగా తొక్కాడు. ఇంకోటి పడింది. ఆగమంటున్నాడో పరిగెత్తమంటున్నాడో నాకు తోచలేదు. చెప్పిన పని చెయ్యడం తప్ప నేనేం చెయ్యగలను? పరిగెత్తాను. బాతులకి బుద్ధుంది, రెండువైపులా తప్పుకున్నాయి. మేమిద్దరం గట్టు దిగి నారుమడిలోకి వెళ్ళి, మోకాలి లోతు బురదలో ఆగాం.

"ఏవండీ! బుద్ధుందాండీ తమరికి?" అని అరిచాడు బాతులాయన. "బాతుల్ని చూసి స్పీడు పెంచుతారాండీ ఎవరైనా?"

కబురు మా కంటే ముందు ఇల్లు చేరింది. సీతారత్నం ఆటోలో వచ్చేసింది. గట్టు మీద నిలబడి, తల నుంచి కాళ్ళదాకా బురదైన మొగుణ్ణి చూసింది. ఆవిడ మొహంలో నెత్తురు లేదు.

"దెబ్బలేమన్నా తగిలినియ్యా?"

"లేదు లేదు."

"ఏ కాలు తొక్కారు?"

ఆయన బురదలో చెప్పు వెతుక్కున్నాడు.

"ఎడంకాలేగా? నాకు తెలుసు. దొరబాబు బండి మీద ఎన్నిసార్లు కూర్చోలేదు నేను? ఇప్పుడు బ్రేకు కుడికాలికండీ! అక్కడ బాతులు కాక లారీ ఉండుంటే నా గతేంటండీ?" కొంగుతో కళ్ళు తుడుచుకుని నా వంక తిరిగింది. "దీన్ని రేపే ఇనప సామాన్లాడికి ఇచ్చెయ్యండి."

నాకు పైప్రాణాలు పైనే పోయాయి. తొక్కింది ఆయన, తుక్కు కొట్టుకి నేనా!

మర్నాడు తుక్కువాడు వచ్చేశాడు కూడా. నా చుట్టూ తిరిగి, ట్యాంకు మీద వేళ్ళతో కొట్టి, "ఇనుము మంచిదేనండీ" అన్నాడు. ఆ తెల్లకోటు మనిషి తలూపాక నాకు దక్కిన ఒకే ఒక్క మెచ్చుకోలు అది. బుల్లబ్బాయి గడప మీంచి లేచి, "ఆదివారం ద్రాక్షారామం వెళ్ళొచ్చాక తీసుకెళ్దూగాని" అన్నాడు.

ఆదివారం పొద్దున్న కొత్త చొక్కా తొడుక్కున్నాడు. "నువ్వు బస్సులో వచ్చెయ్ సీతా. నేను ఒక్కణ్ణే దీని మీద వెళ్ళొస్తాను. రేపట్నించి ఇది ఎలాగూ ఉండదు" అన్నాడు. బతిమాలలేదు. కిక్కు కొట్టాడు.

సీతారత్నం గుమ్మంలో నిలబడి ఆయన ఎడంకాలి వంక చూసింది. ఆ కాలు గేరు మీద ఎలా బిగుసుకుని ఉందో చూసింది. గబగబా చెప్పులేసుకుని, పట్టుచీర కుచ్చిళ్ళు దోపుకుని వచ్చి నా మీద కూర్చుంది.

నాకు గుండాగిపోయింది. నిజంగానే, ఇంజను ఆగిపోయింది.

"ఏంటే, ఒట్టు?"

"ఒట్టు సంగతి నేను చూసుకుంటాను. మీకోసమేం ఎక్కలేదు, మీ ఎడంకాలికి కాపలా ఎక్కాను. కొట్టండి కిక్కు."

అలాంటి ప్రయాణం నేనెప్పుడూ ఎరగను. గేదె కనబడితే "కుడికాలు!" స్పీడుబ్రేకరు వస్తే "కుడికాలు!" హెల్మెట్లో వినబడదేమోనని వేలి కణుపులతో ఆయన నెత్తిన టకటకా కొట్టడం. రామచంద్రపురం సెంటర్లో ట్రాఫిక్ పోలీసు కూడా ఉలిక్కిపడి తన కుడికాలు చూసుకున్నాడు.

సందు మలుపు తిరిగాం. షామియానా, మైకు, కుర్చీలు. ఒక్కొక్కరే తలతిప్పారు. కూల్‌డ్రింకుల పళ్ళెం పట్టుకున్న దొరబాబు మమ్మల్ని చూసి, "బావా, అక్కు..." అని అక్కడే ఆగిపోయాడు. పళ్ళెం ఒక పక్కకి వంగిపోయింది. వీధంతా నోళ్ళు తెరుచుకుని చూస్తోంది.

బుల్లబ్బాయి కుడికాలితో, తప్పు లేకుండా, షామియానా ముందు ఆపాడు.

"దిగు సీతా, వచ్చేశాం."

"దిగను."

ఆయన భయపడిపోయాడు. నేనూ భయపడ్డాను. చీర గొలుసులో పడిందా, నడుం పట్టేసిందా అని.

సీతారత్నం ఆయన హెల్మెట్ దగ్గరికి వంగి, మెల్లిగా అంది. "మంగాయమ్మ పెద్దమ్మ లోపలుంది. మనల్ని చూళ్ళేదు. వీధి చివరిదాకా వెళ్ళి మళ్ళీ రండి."

ఇన్నేళ్ళూ, పెళ్ళాన్ని మర్చిపోయినవాణ్ణి చూసి అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. మర్చిపోబడ్డ మనిషికి ఆ నవ్వు ఎలా ఉందో ఆ సందులో ఒక్కరూ అడగలేదు. పక్కనున్న మొగుడూ అడగలేదు. ఆయన ఒకసారి వెనక్కి తిరిగి ఆవిడ మొహం చూశాడు. గేరు వేశాడు.

వీధి చివర తిరిగి వచ్చేసరికి పెద్దావిణ్ణి చెయ్యి పట్టుకుని అరుగు మీదికి తీసుకొచ్చారు. ఆవిడకి చూపు అంతంతమాత్రం. నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఎవరే అది, మా అల్లుడి వెనకాల?" అంది.

"నేనే పెద్దమ్మా! సీతారత్నాన్ని! ఇంకెవరుంటారు?" అంది ఆవిడ, మైకుకి మించిన గొంతుతో.

బుల్లబ్బాయి ఆపలేదు. ఆపమని ఆవిడా అనలేదు. ఇంకో చుట్టుకి తిరిగాం.