సున్నానికి వాసన లేదు

సున్నమే, ఇంకేముంటుంది, పసుపు ఎర్రబడిందంటే సున్నం తగిలినట్టే, దిష్టి తీసే ఎర్రనీళ్లు కలిపే ప్రతి ఇల్లాలికీ తెలిసిన సంగతి, దీనికి హైదరాబాదులో నాలుగేళ్ల పరిశోధన అక్కర్లేదు, అయినా పొద్దున ఆర్మూర్ గంజ్‌లో పసుపు కొనే గంగాధర్ సేటు మా సంచి విప్పి, మూలల దాకా చెయ్యి పెట్టి కొమ్ములు గుప్పిట పట్టి, ఏందే లింగన్నా గీ ఎరుపు, రంగు గిట్ల కలిపినవా అని పదిమందిలో అడిగేసరికి, బాపు మొహం చూడలేక నేనే నోరు జారాను, రంగు కాదు సేటూ, ఎవరో సున్నపు నీళ్లు చల్లిండ్రు అన్నాను, అంతే, ఆ మాట బండి కంటే ముందు ఇల్లు చేరింది, సున్నం డబ్బీ నడుముకు కట్టుకొని తిరిగేది మన ఇంట్ల ఎవరే అని నన్ను కన్న అవ్వ అడిగింది, అందరి చూపూ ఒక్క మనిషి నడుము మీదికే పోయింది, శాంతవ్వ చిన్నమ్మ, బాపు తమ్ముడి భార్య, ఆకు వక్క లేనిదే గంట గడవదు ఆమెకు.

అన్నీ సరిపోతున్నాయి, అదే నన్ను తినేస్తోంది, బాయి నీళ్ల వంతు దగ్గర పోయిన నెల కొట్లాట, మీ పసుపు ఎట్ల అమ్ముతరో చూస్త అని చిన్నమ్మ అననే అన్నదట, సంచులున్న అర్ర తాళం ఆమె దగ్గరే, నిన్న నన్ను చూసి, ఎప్పుడొచ్చినవ్ బిడ్డా అని నవ్వింది, ఆ నవ్వు ఎందుకు అంతసేపు నవ్వింది, జ్వరమొస్తే నన్ను భుజాన వేసుకుని దవాఖానకు ఉరికిన మనిషి, నమ్మబుద్ధి కాదు, నమ్మకపోతే బాపు దొంగ అవుతాడు, ఇప్పుడు వాకిట్లో అవ్వ పళ్లెంలో కర్పూరం వెలిగించి పెట్టింది, పోచమ్మ తోడు, నువ్వు చెయ్యకుంటె గీ మంట చేత్తోని ఆర్పు అంటోంది, ఆర్పితే చెయ్యి కాలుతుంది, ఆర్పకపోతే ఇల్లు రెండవుతుంది, నేనేమో వాపస్ వచ్చిన సంచుల మీద కూర్చుని, అంత చదువూ చదివి, చిన్నమ్మ వేళ్లకు సున్నం మరకలున్నాయా అని చూస్తున్నాను.

ఈ ఘాటు ఏమిటి, కళ్లు మండుతున్నాయి, బర్రెల కొట్టం కంపు అనుకున్నాను పొద్దుటి నుంచి, కానీ గంజ్‌లో బర్రెలేవి, అక్కడా ఇదే వాసన, కొమ్ము ఒకటి ముక్కు దగ్గర పెట్టుకున్నాను, అమ్మోనియా, ల్యాబ్‌లో సీసా మూత తీస్తే కొట్టే అమ్మోనియా, పసుపును ఎర్రబరచడానికి అదీ చాలు, కానీ ఇక్కడెక్కడిది, చెయ్యి కింద సంచి జారుతోంది, గోనె కాదు, ప్లాస్టిక్, తెల్లది, మీద సగం చెరిగిన అక్షరాలు, యూరియా, యూరియా సంచి.

నాలుగేళ్లుగా నేను చేస్తున్నది దీని పనే కదా, మట్టిలో, పేడలో బతికే బాక్టీరియాలో ఉండే ఒక ఎంజైము, యూరియేజ్, దాన్ని చుక్క నీటిలో కదలకుండా వారాల తరబడి ఉంచి స్ఫటికం కట్టించి, ఎక్స్‌రేల ముందు పెట్టి, ఫిల్ము మీద పడ్డ చుక్కల నుంచి దాని లోపలి ఇల్లు గీశాం, నడుమ గుంతలో రెండు నికెల్ పరమాణువులు, యూరియా వచ్చి అందులో కూర్చుంటుంది, పైన మూత పడుతుంది, పక్క నుంచి నీళ్లొచ్చి దాన్ని విరుస్తాయి, విరిగితే వచ్చేది అమ్మోనియా, ఆ బొమ్మ నా బల్ల ముందు గోడకే ఉంది, కళ్లు మూసుకుని గీయగలను, వాసన మాత్రం గుర్తుపట్టలేదు, పేడతో అలికిన కళ్లంలో ఆరిన పసుపు, మొన్న ఏప్రిల్ వానకు తడిసి సరిగా ఆరకుండానే నింపిన పసుపు, కుట్టు మూలల్లో మిగిలిన యూరియా పలుకులు, ఎర్రబడ్డ కొమ్ములన్నీ మూలల్లోవే, పైన చల్లితే మూలల్లోనే ఎట్లా ఎర్రబడతాయి, పొద్దుటి నుంచీ చూస్తూనే ఉన్నాను, చిన్నమ్మ వేళ్లు తప్ప ఇంకేదీ కనపడలేదు నాకు.

హోలీకి వచ్చినప్పుడు, గోనెసంచులకు పురుగు పడుతది బాపూ, గివి మంచిగున్నయి అని మోర్తాడ్‌లో మామ ఇంటి నుంచి మోపు కట్టించి తెచ్చింది ఎవరు, కడిగి ఆరేస్తనే అని చిన్నమ్మ అంటే, అవును చిన్నమ్మే అంది, ఏం కాదు, ఎరువే కదా, దులిపితే చాలు అన్నది ఎవరు, చదువుకున్న పిల్ల మాట అని అందరూ ఊరుకున్నారు, చిన్నమ్మ అది మరిచిపోయి ఉంటుందా, మరిచిపోలేదు, నన్నే చూస్తోంది, చెయ్యి చాపుతోంది, మంట ఆమె అరచేతికి జానెడు దూరంలో ఉంది, నేను లేచాను, సంచి మీది నుంచి దూకాను, ఆగు చిన్నమ్మా, అవ్వా పళ్లెం ఇటు పెట్టు, గీ సంచులు తెచ్చింది నేను, కడగొద్దన్నది నేను, చెయ్యి పెట్టాల్సింది నేనే.