విప్పడానికి మాత్రమే

శనివారం పొద్దున తొమ్మిది గంటలకల్లా మనిషికీ బోల్టుకీ మధ్య తగువు తేలిపోయింది. బోల్టు గెలిచింది.

వీధిలో ఆయన్ని అందరూ పట్టకారు అంటారు. ముఖం మీద ఎవరూ అనరు, కానీ ఆయనకు తెలుసు. నీళ్ల పంపుల స్టేషన్లో ముప్పై ఏళ్లు ఫిట్టరుగా చేశాడు. పట్టుకున్నది వదలడు. బోల్టయినా సరే, మాటయినా సరే, పగయినా సరే. ఇప్పుడు ఆ పట్టుకే చెద పట్టింది. కుడి బొటనవేలి మొదట్లో కీలు అరిగిపోయింది. చెంబెత్తితే నొప్పి లేదు. పానా పట్టి లాగితే మాత్రం మోచేతి దాకా నిప్పు పాకుతుంది.

కారు ముందు చక్రం విప్పి పక్కన పెట్టి ఉంది. చక్రం నట్లకు ఢోకా లేదు, పానా మీద మడమ వేసి తొక్కాడు, వదిలాయి. ఆ వెనకాల ఉన్నవే రెండు బోల్టులు. పదిహేడు నంబరువి. అవి ఊడితే గానీ అరిగిపోయిన బ్రేకు డిస్కు బయటికి రాదు. స్టీరింగ్ మొత్తం తిప్పినా అక్కడ మనిషి చెయ్యి పట్టేంత సందే. పానాకు గొట్టం తొడిగి బలం పెంచుదామంటే, స్ప్రింగు కడ్డీ అడ్డం. మడమకు చోటు లేదు. బొటనవేలికి ఓపిక లేదు.

కూతురు గుమ్మంలోంచి చూస్తోంది. ఇళ్లకు వెళ్లి పరీక్షలకు రక్తం తీసుకొచ్చే ఉద్యోగం ఆమెది. తెల్లవారకముందే ఐసు పెట్టె కారులో పెట్టుకుని బయలుదేరుతుంది.

"నాన్నా, ఇంక చాల్లే. చెయ్యి వాచిపోతుంది."

"వాస్తే వాచింది."

"సోమవారం నాకు పద్నాలుగు ఇళ్లున్నాయి. బ్రేకు తొక్కితే పిల్లి పీక నొక్కినట్టు అరుస్తోంది. రేపు సాయంత్రానికి అవ్వకపోతే మూల మీద మెకానిక్ దగ్గర పడేస్తాను. ముందే చెప్తున్నా."

ఆయన పానా కింద పెట్టాడు. నెమ్మదిగా పెట్టాడు. విసిరేసి ఉంటే కూతురికి అంత భయం వేసేది కాదు.

"వాడి చెయ్యి ఈ బండి మీద పడదు."

"ఊళ్లో ఇంకో మెకానిక్ ఆదివారం తియ్యడు. నన్నేం చెయ్యమంటావు?"

"ఆదివారం ఇంకా రాలేదుగా."

నాలుగేళ్ల కిందట కారుకు కొత్త టైర్లు వేయించాల్సి వచ్చింది. ఆయనకు జ్వరం. భార్యే వెళ్లి మూల మీద మెకానిక్ దగ్గర వేయించుకొచ్చింది. ఆ మెకానిక్ గాలి గన్ను పెట్టి, అంటే నట్లు విప్పడానికీ బిగించడానికీ వాడే యంత్రం పెట్టి, నట్లు బిగించాడు. మూడో రోజు పట్టపగలు ఆమెకు గుండెలో నొప్పి వచ్చింది. ఆసుపత్రికి సగం దారిలో మేకు దిగి టైరు పేలింది. స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, పానా ఉంది. నట్లు కదల్లేదు. ఆయన తొక్కాడు, ఎగిరి తొక్కాడు, పానా మూతి అరిగిపోయింది. ఒక్క నట్టు కదల్లేదు. నలభై నిమిషాల తర్వాత ఒక లారీ ఆగింది. అప్పటికి ఆమె మాట్లాడటం మానేసింది.

ఆ నలభై నిమిషాలు ఆయన మెకానిక్ ఖాతాలో వేశాడు. సగం. మిగతా సగం తన ఖాతాలో వేసుకున్నాడు. ముప్పై ఏళ్లు ఎవడు బిగించిన బోల్టునైనా ఇంకోసారి పానా పెట్టి చూస్తే గానీ పంపు ఆన్ చెయ్యనివ్వని మనిషి, ఆ మూడు రోజులూ జ్వరమని మంచం దిగలేదు. రెండు సగాల్లో ఒక్క పైసా కూడా ఎవరికీ మాఫీ చెయ్యలేదు.

ఆ రోజు నుంచి గన్ను అన్న మాట ఆ ఇంట్లో వినపడలేదు. ఇప్పుడు ఆ గన్నే కొనాలి. వాడి గన్ను రాకుండా ఉండాలంటే తన గన్ను ఉండాలి. లెక్క అక్కడికి తేలింది. ఇంక ఆలోచించడానికేమీ లేదు.

కూతురి కొత్త మిక్సీ వచ్చిన అట్టపెట్టె తీసుకున్నాడు. కత్తెర పట్టుకుని చక్రం దగ్గర చతికిలబడ్డాడు. అట్టముక్క సందులోకి దూర్చడం, తగిలిన చోట కత్తిరించడం, మళ్లీ దూర్చడం. గంటన్నర పట్టింది. స్ప్రింగు కడ్డీ ఉన్న వైపు ఒక గోడ, డిస్కు వెనక రేకు ఉన్న వైపు ఒక గోడ, బోల్టు ఉన్న చోట చిల్లు. ఆ చిల్లులో పాత డబ్బాలోంచి అదే నంబరు బోల్టు ఒకటి గుచ్చాడు. టేపు చుట్టాడు. సందు అచ్చు గుద్దినట్టు వచ్చింది.

దాన్ని సంచీలో పెట్టుకుని పనిముట్ల కొట్టుకు నడిచాడు.

కొట్టు నడిపే ఆవిడ కళ్లజోడు తాడుకు కట్టి మెడలో వేసుకుని ఉంటుంది. సంచీలోంచి వచ్చిన వస్తువు చూడగానే జోడు పెట్టుకుంది.

"ఇదేంటి పెద్దాయనా, పిచ్చుకలకి ఇల్లు కట్టారా?"

"బండి లోపలి సందమ్మా. ఇందులో పట్టిన గన్నే కొంటాను."

"కొలత రాసుకొస్తే చాలదూ?"

"కొలబద్ద అబద్ధం చెప్పదు. చదివేవాడు చెప్తాడు. తియ్యి, బ్యాటరీవి ఏమున్నాయో."

ఆవిడ గోడ మీంచి ముందుగా అన్నిటికన్నా పెద్దది దించింది. రెండు చేతులతో దించింది.

"ఇదయితే లారీ చక్రాలు కూడా ఊడదీస్తుంది."

"మా ఇంట్లో లారీ లేదు."

"బలం ఎక్కువుంటే మంచిదేగా?"

"ఏనుక్కి బలం లేదా? పెరట్లో కట్టేసుకుంటామా?"

ఆవిడ నవ్వి దాన్ని పక్కన పెట్టింది. తర్వాతది సన్నగా, పొడుగ్గా, మెడ దగ్గర వంగి ఉంది. అట్ట సందులోకి పాము పుట్టలోకి పోయినట్టు పోయింది. ఆయన మొహం కొంచెం విచ్చుకుంది.

"ఇది మాత్రం కట్టనండీ మీకు," అంది ఆవిడ. "దీన్ని రాట్చెట్ అంటారు. వదులైన బోల్టుని గిరగిరా తిప్పి తీస్తుందంతే. తుప్పు పట్టి బిగుసుకున్నదాన్ని మొదట కదిలించడం దీని వల్ల కాదు. రేపొచ్చి నా మీద అరుస్తారు."

ఆయన ఆవిడ వంక మొదటిసారి సరిగ్గా చూశాడు. అమ్ముకునే మనిషి వద్దని చెప్పడం ఆయన ఈ మధ్య ఎక్కడా వినలేదు.

మూడోది మధ్యస్థంగా ఉంది. చేతిలో బాగా కూర్చుంది. అట్టలో పెట్టాడు. రెండు గోడల మధ్యా సరిగ్గా ఇమిడింది, ముక్కు వెళ్లి బోల్టు తలకు ఆనింది. అటొక గీత, ఇటొక గీత సందు. తర్వాత గన్ను పట్టుకుని చెయ్యి చాచి నిలబడ్డాడు. కొట్టులోకి వచ్చినవాళ్లు ఆగి చూశారు. పెదాలు కదుపుతూ వంద దాకా లెక్కపెట్టాడు. తొంభై దగ్గర బొటనవేలు వణికింది. వందకు చేరాడు.

"ఇదే. కట్టెయ్యమ్మా."

"సాకెట్ తగిలించి చూడు బాబాయ్."

గొంతు వెనకనుంచి వచ్చింది. ఆయన తిరగలేదు. తిరగక్కర్లేదు. నాలుగేళ్లుగా ఆ గొంతు వినపడితే రోడ్డు దాటి అవతలి పక్క నడుస్తున్నాడు. మూల మీద మెకానిక్ నూనె డబ్బా కొనడానికి వచ్చినట్టున్నాడు.

కొట్టు ఆవిడకు కథ తెలియదు. "అవును సుమా!" అని సొరుగు లాగి పదిహేడు నంబరు సాకెట్ తీసింది. బోల్టు తలను పట్టుకునే ఇనప టోపీ అది. గన్ను ముక్కుకు తగిలించింది. గన్ను రెండు వేళ్ల మందం పొడుగైంది. అట్టలో పెట్టింది. టేపు ఊడి గోడ పక్కకు వాలింది.

పట్టదు.

ఆయన చెవులు కాలాయి. గంటన్నర అట్ట కత్తిరించాడు. ఊళ్లో కొలబద్దలు చదివేవాళ్లందరినీ అబద్ధాలకోరులు చేశాడు. సాకెట్ లేకుండా గన్ను బోల్టును పట్టుకోదన్న సంగతి మరిచాడు. ముప్పై ఏళ్లు చేతిపానాతో బతికినవాడికి పానా అంటే మూతితో సహా ఒకే ముక్క. ఆ అలవాటే పల్టీ కొట్టించింది.

ఆయన అట్ట గోడ నిలబెట్టి, టేపు మళ్లీ చుట్టి, గోరుతో నొక్కాడు.

"ఇంతకన్నా పొట్టిది ఉందా?"

ఉంది. గోడ మీద కాదు, అద్దాల బీరువాలో ఉంది. అరచెయ్యంత. మెడ లేని మల్లుడిలా ఉంది. ఈసారి ఆయనే ముందు సాకెట్ తగిలించాడు. అట్టలో పెట్టాడు. ముక్కు వెళ్లి బోల్టును టోపీలా కమ్మింది. వెనక ఒక వేలు ఖాళీ. పిడి కిందున్న పెద్ద బ్యాటరీ మాత్రం కడ్డీ వైపు గోడకు తగిలింది.

మెకానిక్ నూనె డబ్బాల అరతో మాట్లాడుతున్నట్టు అన్నాడు. "చిన్న బ్యాటరీ పెడితే తగలదు. చిన్నవి రెండు తీసుకుంటే ఒకటి వాడుతుంటే ఒకటి చార్జింగులో ఉంటుంది. ఇంటి పనికి పెద్దది దండగ."

ఆవిడ చిన్న బ్యాటరీ మార్చింది. తగల్లేదు.

"బలం చాలుతుందా?" ఆయన ఆవిణ్నే అడిగాడు.

జవాబు మళ్లీ అరలోంచే వచ్చింది. "బోల్టు మీద తుప్పు నూనె కొట్టి రాత్రంతా నాననివ్వాలి. అప్పుడు పదిహేడు నంబరు ఏదీ దానికి ఆగదు. నేను వాడేది కూడా అదే."

ఆయన చెయ్యి చాచి వంద లెక్కపెట్టాడు. వేలు వణకలేదు. రెండు చిన్న బ్యాటరీలు, ఒక చార్జరు, సాకెట్, తుప్పు నూనె డబ్బా కట్టించుకున్నాడు. సంచీ భుజాన వేసుకుని గుమ్మం దాకా వచ్చాడు. మెకానిక్ అడ్డం తొలగకుండా నిలబడి ఉన్నాడు. నడివయసు మనిషి, చేతి గీతల్లో నలుపు దిగిపోయింది.

"బాబాయ్, ఆ రోజు పిన్నికి..."

"సాకెట్ సంగతి చెప్పావు. పనికొచ్చింది," అన్నాడు ఆయన. "మిగతాది చెప్పకు."

మెకానిక్ పక్కకు తప్పుకున్నాడు.

ఆదివారం పొద్దున కూతురు టార్చిలైటు పట్టుకుని కూర్చుంది. ఆయన పొట్టి గన్నును సందులోకి దూర్చి, బోల్టు మీద ఆనించి, మీట నొక్కాడు. టకటకటకమని వడ్రంగిపిట్ట మోత. బోల్టు ఒక్కసారి మూలిగి, తిరిగి, సాకెట్‌లోకి వచ్చి పడింది. రెండోది ఇంకా తొందరగా వచ్చింది.

"అబ్బ!" అంది కూతురు. "నిన్న మూడు గంటలు కుస్తీ పట్టావు. ఇదెంత, రెండు సెకన్లు! ముందే కొనుంటే పోయేది కదా."

ఆయన చేతిలో గన్ను వంకే చూస్తున్నాడు. పాత చక్రం నట్టు ఒకటి తీసి, బెంచీకి బిగించిన వైసులో, ఇనప దవడల మధ్య పట్టి ఉన్న ఒక బోల్టు మీద చేత్తో ఎక్కించాడు. గన్ను మీదున్న చిన్న బొత్తాన్ని రెండో వైపు తోశాడు, అటు తోస్తే బిగిస్తుంది. నొక్కి, వదిలాడు. ఒక్క సెకను. తర్వాత కారులో ఉండే పానా తెచ్చి, నట్టుకు పెట్టి, కూతురికి ఇచ్చాడు.

"విప్పు."

ఆమె లాగింది. లేచి నిలబడి లాగింది. మొహం ఎర్రబడింది. నట్టు కదల్లేదు.

"రావట్లేదు నాన్నా."

"రాదు."

నాలుగేళ్లుగా ఆయన అనుకుంటున్నదేమంటే, అలా బిగించడానికి వాడికి కావాలని చేసే పొగరు ఉండాలని, లేదా కళ్లు నెత్తికెక్కి ఉండాలని. అదేమీ అక్కర్లేదు. ఒక్క సెకను వేలు ఎక్కువ నొక్కితే చాలు. పక్కన ఎవరో పలకరిస్తే చాలు. అది తెలిశాక కోపం తగ్గుతుందేమో అని చూసుకున్నాడు. తగ్గలేదు. ఇంత తేలిక కాబట్టే ఇంకోసారి పానా పెట్టి చూసుకోవాలి. వాడు చూడలేదు. తనూ చూడలేదు.

కొత్త డిస్కు, కొత్త ప్యాడ్లు వేశారు. బిగింపంతా చేత్తోనే. చివరన పొడుగు టార్క్ రెంచ్ తీశాడు, చాలినంత బిగువు రాగానే క్లిక్‌మనే పానా అది. దాన్ని ఎడం చేత్తో పట్టి, బరువంతా ఒంటి మీద వేసి వంగాడు. బొటనవేలికి పని లేకుండా చూసుకున్నాడు. క్లిక్. క్లిక్. రెండో వైపు కూడా అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది.

కూతురు చేతులు తుడుచుకుంటుంటే కారు వెనకనుంచి పానా తీసి ఆమె ముందు పెట్టాడు.

"నాలుగు చక్రాల నట్లూ ఒకసారి వదులు చెయ్యి. అన్నీ."

"ఇప్పుడేగా బిగించావు!"

"నువ్వు ఒక్కదానివే రోడ్డు మీద ఉంటావు. నేనుండను. నీ చేత్తో రావాలి."

ఆమె ఒక్కొక్క నట్టే పానా పెట్టి, మడమతో తొక్కింది. ఒక్కొక్కటీ కిర్రుమని వదిలింది. ఇరవై నట్లు. ఆయన వెంట నడుస్తూ ప్రతిదాన్నీ మళ్లీ క్లిక్‌మనేదాకా బిగించాడు. వీధి చివరదాకా నడిపి రమ్మని పంపాడు. బ్రేకు అరవలేదు.

ఆమె తిరిగొచ్చేసరికి ఆయన బెంచీ దగ్గర ఉన్నాడు. గన్ను బ్యాటరీ ఊడదీసి పక్కన ఉంది. రెండు రంగుల ముద్దలు కలిపి పిసికితే రాయిలా గట్టిపడే జిగురుంటుందే, అది వేళ్ల మధ్య నలుపుతున్నాడు. గన్ను బొత్తాన్ని విప్పే వైపుకు తోసి, దాని చుట్టూ ఆ ముద్ద కూరి, తడి వేలితో నున్నగా పామాడు.

"నాన్నా! కొత్తది! ఏం చేస్తున్నావు? ఇంక కొట్టువాళ్లు రిపేరు కూడా చెయ్యరు!"

"చెయ్యొద్దు."

"అయితే ఇంక దీంతో బిగించలేం కదా?"

"ఈ ఇంట్లో ఇది విప్పడానికే," అన్నాడు పట్టకారు. "బిగించేది చేత్తోనే."

కూతురు కాసేపు ఆ బొత్తాన్నే చూసింది. తర్వాత వేలు పెట్టి నొక్కి చూసింది. ముద్ద ఇంకా పచ్చిగా ఉంది.

"కదులుతోంది," అంది.

"గంట ఆగి మళ్లీ చూడు," అని ఆయన బెంచీ పక్క స్టూలు లాక్కుని కూర్చున్నాడు. గంటయ్యేదాకా లేవలేదు.