ఆరో గడి

మా బాపు మైసయ్యకు తన తల మీద గొప్ప నమ్మకం. బెల్లంపల్లి బొగ్గుబాయిలో పైనుంచి పెళ్లలు రాలుతుంటాయి కాబట్టి కంపెనీ అందరికీ గట్టి టోపీలు ఇచ్చింది. బాపు తన టోపీని తెచ్చి వంటింటి మూలన పడేసి, ఎప్పటిలాగే రుమాలు చుట్టుకుని బాయిలో దిగేవాడు. ఊరికే పడున్న టోపీలో అవ్వ, అంటే మా అమ్మ, గడ్డి పరిచి, పొదుగుకొచ్చిన కోడిని కూర్చోబెట్టింది. ఇదేం చోద్యమని నేనడిగితే, తలకెట్లాగూ అక్కరకు రాలేదు, గుడ్లకైనా రానీ అన్నది.

అది అరవై నాలుగు వేసవి. నేను హైదరాబాదులో చిత్రకళ కాలేజీలో రెండో ఏడు ముగించి సెలవులకు వచ్చాను. ప్రకటనలు, పోస్టర్లు తయారుచేసే చదువు నాది. మా క్వార్టర్ల వరుసలో ఆ చదువేమిటో ఎవరికీ ఎక్కలేదు. పక్కింటి సత్తవ్వ అయితే నేను సినిమా బోర్డులు రాయడం నేర్చుకుంటున్నాననుకుని, ఆడపిల్ల అంత ఎత్తున నిచ్చెనెక్కితే ఎట్లా అని బెంగపెట్టుకుంది.

మా సారు బొంబాయిలో ప్రకటనల కంపెనీలో పనిచేసి వచ్చిన మనిషి. ముందే రంగు ముట్టుకోనిచ్చేవాడు కాదు. మొదట గళ్లు గీయాలి. గడికో బొమ్మ: ఎవరు, ఎక్కడున్నారు, ఏం చేస్తున్నారు, ఆ తర్వాత ఏమైంది. దాన్ని ఆయన స్టోరీబోర్డు అనేవాడు. గళ్లు చూస్తే కథ అర్థం కావాలి, అప్పుడే పోస్టరు. లేకపోతే చింపి మళ్లీ గీయడమే. నేను చింపిన కాగితాలతో ఒక పెళ్లికి వంట చేయొచ్చు.

సెలవులకు ఆయన ఇచ్చిన పని, మీ ఊళ్లో ఏదైనా ఒక ఇబ్బందిని తీసుకుని ఆరు గళ్లలో చూపించమని. నాకు ఊరంతా వెతుక్కునే శ్రమ లేకపోయింది. ఇబ్బంది మా వంటింట్లోనే గుడ్లు పొదుగుతోంది.

నవ్వుతూ చెబుతున్నాను గానీ, అప్పుడు నాకు నిజంగా భయంగా ఉండేది. అంతకుముందు చలికాలంలో బాపు జట్టులోని పోశం భుజం మీద పెళ్ల పడి, ఆ చెయ్యి మళ్లీ పైకి లేవలేదు. కాస్త ఇటు పడుంటే తలే పోయేది. ఈ మాట ఎత్తితే బాపు, టోపీ పెడితే తల దురద, పైకప్పు విరిగే చప్పుడూ వినబడదు అనేవాడు. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. ఇక గళ్లతోనే చెప్పాలనుకున్నాను.

ఆరు అట్టముక్కలు కోసి, ఒక్కోదాని మీద ఒక్కో గడి గీశాను. మొదటిదాంట్లో బాపు రుమాలు చుట్టుకుంటున్నాడు. రెండోదాంట్లో టోపీలో కోడి. మూడులో బాయి దారి, నాలుగులో బొగ్గు కొట్టడం, ఐదులో తల మీద పైకప్పులో సన్నటి పగులు. ఆరో గడిలో పెళ్ల కింద బాపు, పక్కన ఊడిపోయిన రుమాలు. మీసంతో సహా ముఖం అచ్చంగా కుదిరింది. నన్ను నేనే మెచ్చుకుని, ఆరింటినీ ముందుగదిలో గోడకు ఆనించి పెట్టాను.

నీళ్లు పట్టుకొచ్చిన అవ్వ చంకలో బిందెతోనే నిలబడి వాటిని చూసింది. ఆరో అట్టను బోర్లా పెట్టి, అప్పుడు బిందె దించింది.

“గిదేనా ఆఖరు బొమ్మ?”

అవునన్నాను. చూసినవాళ్లకు భయం పుట్టాలంటే ఇక్కడే ఆపాలని, చదువుకున్నదాని గొంతుతో చెప్పాను.

“సచ్చిన కాడ బొమ్మ సుట్టొద్దు బిడ్డా.”

పెళ్లికి ముందు మా అవ్వ మగ్దలేనమ్మ మెథడిస్టు మిషను తరఫున ఊరూరా తిరిగి వాక్యం చెప్పేది. ఏసు కథంతా బొమ్మలుగా ఉన్న పెద్ద బట్టచుట్ట చంకన పెట్టుకుపోయి, కొమ్మకు వేలాడదీసి, పుల్లతో ఒక్కో బొమ్మా చూపించేది. ఒకసారి ఇచ్చోడ అవతల ఒక పల్లెలో సిలువ బొమ్మ దాకా వచ్చేసరికి వాన పట్టుకుంది. బట్ట తడుస్తుందని చుట్టుకుని వచ్చేసింది. మర్నాడు కబురొచ్చింది, పోచవ్వ అనే ముసలామె పొయ్యి వెలిగించలేదని. అంత మంచి మనిషిని అట్లా వేలాడదీసి పోతే నాకు ముద్ద ఎట్లా దిగుతుంది అన్నదట. అవ్వ బురదలో పడి మళ్లీ పోయి, ఆ ఒక్కామె కోసం, ఆయన సమాధిలోంచి లేచిన బొమ్మ విప్పి చూపించి వచ్చింది.

ఈ కథ నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అయినా ఒప్పుకోలేదు. అది వాక్యం, ఇది పోస్టరు అన్నాను. మాటా మాటా పెరిగింది. ఆ గడి లేకపోతే బాపు భయపడడు అని నేను. భయపడ్డోడు కల్లు దుకాణానికి పోతాడు గానీ టోపీ దగ్గరికి పోడు అని అవ్వ. తల్లీ కూతుళ్లం ఇద్దరం ఇద్దరమే.

సాయంత్రం బాపు స్నానం చేసి మంచం మీద కూర్చోగానే, అవ్వ అట్టలు తెచ్చి వరుసగా పేర్చి, చీపురుపుల్ల చేతిలోకి తీసుకుంది. రాగం తీసి మొదటి బొమ్మ మొదలుపెట్టింది. ఆ గొంతు విని సత్తవ్వ వచ్చింది, ఆమె వెనకే వరుసలో సగం మంది వచ్చారు. పోశం కూడా వచ్చి కూర్చున్నాడు. రుమాలు గడికి బాపు మీసం దువ్వుకున్నాడు. కోడి గడికి అందరూ నవ్వారు, అందరికంటే బాపే ఎక్కువ నవ్వాడు. ఐదో గడిలో పుల్ల ఆ పగులు మీద ఆగింది. పోశం చెయ్యి భుజం మీదికి పోయింది. నవ్వులు ఆగిపోయాయి.

ఆరో అట్ట చూసి నాకు ఒళ్లు మండింది. నా బొమ్మ మీద అవ్వ గంజితో తెల్లకాగితం అంటించేసింది. ఆ తెల్లటి గడి మీద పుల్ల పెట్టి ఊరుకుంది.

“ఆయింత?” అని తర్వాతి కథ అడిగాడు బాపు.

“ఇంక గియ్యలే. రేపు నువ్వు బాయి దిగి మల్ల ఇంటికొస్తె, ఏం గియ్యాల్నో నువ్వే చెప్పు.”

నా కోపం అక్కడే చల్లారిపోయింది. ఖాళీ కాగితాన్ని బాపు అంతసేపు చూస్తాడని నేనెన్నడూ అనుకోలేదు. అన్నం తిన్నాక వంటింట్లోకి పోయి, గంపలో గడ్డి పరిచి, కోడిని గుడ్లతో సహా అందులోకి మార్చాడు. కోడి ఊరుకోలేదు, చేతిని పొడిచింది. ఆయన దాన్ని బతిమాలుకోవడం బయటికి వినిపించింది.

మర్నాడు డ్యూటీ దిగే సైరన్ మోగింది మొదలు అవ్వ గుమ్మంలోనే నిలబడింది. రోజూ అట్లాగే నిలబడేది. నేనే ఎన్నడూ పట్టించుకోలేదు. పెళ్లయిన నాటి నుంచి ప్రతి సాయంత్రం అవ్వ ముందు ఆ తెల్లటి గడే ఉందని అప్పుడు తెలిసింది.

బాపు వచ్చాడు. టోపీ తల మీదే ఉంది. బొగ్గుమసితోనే, కాళ్లు కూడా కడుక్కోకుండా వచ్చి ఆరో అట్ట ముందు కూర్చున్నాడు.

“గియ్యి బిడ్డా, గిట్లనే గియ్యి. జర జల్ది గియ్యి, తల దురద పెడుతున్నది.”

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను పెన్సిలు తీశాను. నా చెయ్యి చురుకని సారు మెచ్చుకునేవాడు, ఆ బొమ్మకు పావుగంట చాలు. కానీ ఆ రోజు కావాలనే, బాపును టోపీ తీయనివ్వకుండా, పొద్దుగూకేదాకా గీస్తూ కూర్చున్నాను.