అనిల్ క్లాసులోనే ఉన్నాడట

సోమవారం పొద్దున దేవమ్మ మా కాలేజీకి వచ్చింది. కొడుకు ఫోటో ఉన్న ఐడీ కార్డు చేతిలో పట్టుకుని ప్రిన్సిపాల్ సూర్యారావు గదిలో నిలబడింది. గురువారం పొద్దున కాజీపల్లి దగ్గర ఒక మందుల కంపెనీలో రియాక్టర్ పేలింది. ఆ రోజు పొద్దుటి షిఫ్టుకు పోయిన ఆమె కొడుకు అనిల్ మళ్లీ ఇంటికి రాలేదు. నాలుగు రోజులు కంపెనీ గేటు ముందు కూర్చుంది. చనిపోయినవాళ్లలోగాని, కాలినవాళ్లలోగాని అనిల్ అన్న పేరే లేదన్నారు. ఇప్పుడు కంపెనీ మనిషి ఒకడు ఆమెను వెంటబెట్టుకుని మా దగ్గరికి తెచ్చాడు.

నేను ఆ కాలేజీలో ఆయాను. గదులు ఊడుస్తాను, బెల్లు కొడతాను, రిజిస్టర్లు మోస్తాను. ప్రిన్సిపాల్ అడిగితే ఫస్టియర్ హాజరు రిజిస్టర్ తెచ్చి బల్ల మీద పెట్టాను.

"చూడమ్మా. గురువారం మీవాడు తెలుగు క్లాసులో ఉన్నాడు. శుక్రవారం ఉన్నాడు. శనివారం కూడా ఉన్నాడు" అన్నాడాయన, వేలు పెట్టి చూపిస్తూ.

దేవమ్మకు చదువు రాదు. నా దిక్కు చూసింది. "అక్కా, నువ్వన్న జెర సదివి చెప్పు. నిజమేనా?"

నాకు అక్షరాలు వచ్చి ఆరేళ్లే అయినా ఆ గీతలు అర్థంకానివేం కావు. "ఉన్నడనే రాసిండ్రు" అన్నాను.

"మరి నా కొడుకు ఏడి?"

"ఎవతినో తీస్కొని పోయి ఉంటడు. వయసు పిలగాడు గదా" అని నవ్వాడు కంపెనీ మనిషి. "ఇగ మా గేటు దిక్కు రాకు."

కాని అనిల్ క్లాసుకు రాలేదని నాకు తెలుసు. గురువారం ఆ క్లాసు వాకిట్లో ఊడుస్తున్నాను. "అనిల్" అని సార్ పిలిస్తే "ప్రజెంట్ సార్" అన్న గొంతు రాకేష్‌ది. షిఫ్టుకు పోయినవాడి బదులు క్లాసులో ఉన్నవాడు పలకడం ఆ పిల్లల కట్టుబాటు. హాజరు తక్కువైతే స్కాలర్‌షిప్పు రాదు, పరీక్ష రాయనివ్వరు. షిఫ్టు మానేస్తే ఇల్లు గడవదు. అందుకని ఒకరికొకరు పలికేవాళ్లు. వాళ్లకు తెలిసిన మొదటి సంఘం అదే. ఆ సంఘమే ఇప్పుడు ఒక తల్లి నోరు మూయించింది.

ఆ గదిలో నోరు తెరవడానికి నాకు ధైర్యం చాలలేదు. దేవమ్మ చెయ్యి పట్టుకుని ఫస్టియర్ క్లాసుకు తీసుకుపోయాను.

తెలుగు చెప్పే ప్రభాకర్ సార్ గెస్టు లెక్చరర్. ఈ కాలపు కథ ఎట్లా చదవాలో చెబుతున్నాడు. అందరి చేతుల్లో జిరాక్స్ కాగితాలున్నాయి. కార్ఖానాలో ప్రమాదం జరుగుతుంది. భర్తను వెతుక్కుంటూ ఒకామె గేటు ముందుకొచ్చి నిలబడుతుంది. కథ అక్కడే ఆగిపోతుంది.

"చనిపోయినవాడికి రచయిత పేరెందుకు పెట్టలేదు?" అని అడిగాడు సార్.

"అతను కార్మికులందరికీ ప్రతీక సార్" అంది ముందు బెంచీ పిల్ల.

"గైడు మూసెయ్. నీకేమనిపిస్తున్నదో చెప్పు."

ఆ పిల్ల గైడు మూసింది. పక్క వరుసలోంచి చంద్రిక లేచింది. "పేరు తెల్వకనేమో సార్. మా అన్న పనిచేసేకాడ ఎవ్వని అసలు పేరు ఎవ్వనికి తెల్వది."

"అదేంది?"

"కార్డు సార్. పని మానేసినోళ్ల కార్డులు కాంట్రాక్టర్ దగ్గర్నే ఉంటయి. కొత్తగ వచ్చినోనికి గదే ఇస్తడు. గేటు కాడ ఒక పేరు, ఇంట్ల ఒక పేరు."

"ఈ సంగతి కథల లేదే."

"రాసినాయన గేటు బయటనే నిలబడి రాసిండు సార్" అన్నాడు వెనకనుంచి ఒకడు. "లోపటికొస్తే ఆయనకు గూడ ఒక కార్డు ఇస్తుండె."

క్లాసంతా నవ్వింది. రాకేష్ నవ్వలేదు. అతని చూపు గుమ్మంలో ఉన్న దేవమ్మ మీద పడింది. మెల్లగా లేచాడు.

"సార్, అనిల్ బాలరాజ్ కార్డు మీద పోయిండు."

నవ్వు ఆగిపోయింది. పేపర్లో వచ్చిన మృతుల పేర్లలో బాలరాజ్ ఉంది. ఆ బాలరాజ్ రెండేళ్ల కిందనే పని వదిలి మహారాష్ట్రలోని భీవండి పోయాడు.

"పేపర్ల చూసిన సార్. చూసి గూడ శుక్రవారం పలికిన. శనివారం పలికిన. పలకకపోతే వాడు నిజంగనే పోయినట్టయితదని..."

దేవమ్మ గుమ్మంలోనే కూలబడింది. అరవలేదు. "ఏడున్నడు బిడ్డా?" అంది.

"మార్చురీల, అమ్మా."

అప్పుడు మొదలైంది వాదన. మేం అబద్ధం పలికామని పోలీసులకు రాసిద్దామన్నాడు రాకేష్.

"రాస్తే అందరి హాజరు కొట్టేస్తరు. స్కాలర్‌షిప్పు నీ అయ్య ఇస్తడా?"

"కార్డుల ముచ్చట బయట పెడితే రేపు పనెవడిస్తడు? ఉల్టా మనమీదనే కేసయితది."

"ఒక్కడు రాస్తే ఒక్కన్ని తీసేస్తరు" అంది చంద్రిక. "అందరం రాస్తే క్లాసునే తీసెయ్యాలె. తియ్యనీ."

ప్రభాకర్ సార్ ఒక తెల్లకాగితం తీసుకున్నాడు. "ముందు నేను రాయాలె" అన్నాడు. "తలెత్తి చూడకుండ హాజరు వేసింది నేను. మీరు పలుకుతున్నరని నాకు తెల్వదా? తెలుసు." కుర్చీలో కూర్చుని రాయడం మొదలుపెట్టాడు. ఆయన కింద నలభై ఒక్కమంది సంతకాలు పెట్టారు. చివర నేను పెట్టాను.

మధ్యాహ్నం మార్చురీ ముందు పోలీసు ఇన్‌స్పెక్టర్ ఆ కాగితం చదివాడు.

"గురువారం అబద్ధం చెప్పిండ్రు. ఇయ్యాల నిజం చెప్తున్నరని ఎట్ల నమ్మాలె?"

చంద్రిక ముందుకొచ్చింది. "మమ్మల్ని నమ్మకుండ్రి సార్. తల్లి రక్తం తీసి పరీక్ష చేయించుండ్రి."

"ఎవని కోసం చేయించాలె? మీ రిజిస్టర్ల ఈమె కొడుకు శనివారం దాంక బతికే ఉన్నడు."

అప్పటికే కాంట్రాక్టర్ ఒక మనిషిని తెచ్చాడు. బాలరాజ్ తమ్ముడట. శవాన్ని తీసుకుంటున్నట్టు సంతకం చేశాడు. బట్టలో చుట్టిన శవాన్ని వ్యాన్‌లోకి ఎక్కించారు. దేవమ్మ వ్యాన్ తలుపు పట్టుకుంది. "మొఖం సూడనియ్యుండ్రి. కాలు సూసినా గుర్తుపడ్త" అని బతిమాలింది. చూడనివ్వలేదు.

రాకేష్ వ్యాన్ చక్రం ముందు కూర్చున్నాడు. పిల్లలంతా కూర్చున్నారు. పోలీసులు ఒక్కొక్కరినీ రెక్కలు పట్టుకుని లేపి పక్కకు విసిరారు. వేరే పేరుతో కంపెనీలో చొరబడేవాడివి నువ్వూ అని రాకేష్‌ను, తప్పుడు రిజిస్టర్ రాశావని ప్రభాకర్ సార్‌ను జీపులో వేశారు. వ్యాన్ కదిలింది. మెయిన్ రోడ్డు దాకా పరిగెత్తాం. ఇంతమందిమి పరిగెత్తినా ఒక్క వ్యాన్‌ను ఆపలేకపోయాం. నా మొగుడు యాదన్న కూడా ఇట్లాంటి కంపెనీలోనే పోయాడు. అతని శవాన్ని కనీసం నాకిచ్చారు. దేవమ్మకు అదీ దక్కలేదు. పొద్దుగూకేలోపు ఆమె కొడుకును బాలరాజ్ పేరుతో కాల్చేశారు.

మర్నాడు తెలుగు పీరియడ్‌కు సార్ లేడు. చంద్రిక బోర్డు ముందు నిలబడింది. "కాగితం వెనక్కి తిప్పుండ్రి. కథ గేటు కాడ ఆగింది. మనం లోపటికి పోయి రాద్దాం. పేర్లతోటి రాద్దాం."

కథ ముద్రించిన కాగితాల వెనక, తెల్లగా ఉన్న దిక్కున, అనిల్ కథ రాశారు. నేనూ ఒకటి రాశాను, అందరికంటే ఆలస్యంగా.

రెండు గంటలకు షిఫ్టు బస్సులు ఆగే కాజీపల్లి మలుపులో ఆ కాగితాలు పంచాం. కొందరు తీసుకోకుండా తలవంచుకుని పోయారు. కొందరు మడిచి జేబులో పెట్టుకున్నారు. మధ్యవయసు కార్మికుడొకడు నిలబడి మొత్తం చదివాడు.

"ఇది కథనా, నిజమా?"

"నువ్వే చెప్పన్నా" అంది చంద్రిక.

అతను మెడలోని కార్డు తీసి మాకు చూపించాడు. "దీంట్ల శివశంకర్ అని ఉంది. నేను పెంటయ్యను. రాసుకో అక్కా. రేపు నేను కాలిపోతే నా పెండ్లానికి నన్ను ఇయ్యాలె."

రాసుకున్నాను. అతని వెనక ఒడిశా పిల్లవాడు నిలబడ్డాడు. "మేరా భీ లిఖో, మా" అని తన పేరూ రాయమన్నాడు. అతని వెనక ఇంకొకడు. చూస్తుండగానే వరుస బస్సు దాకా పోయింది. కంపెనీ గేటు దిక్కునుంచి పోలీసు జీపు వచ్చి మా ముందే ఆగింది.

ఇన్‌స్పెక్టర్ దిగి నా చేతిలోని కాగితం గుంజుకున్నాడు. "ఏంది గిది?"

"మా పేర్లు సార్" అన్నాడు పెంటయ్య. "అసలువి."

చంద్రిక నా చేతిలో ఇంకో కాగితం పెట్టింది. వరుసలో తర్వాతివాడు, ఇన్‌స్పెక్టర్‌కు కూడా వినపడేటట్టు, తన పేరు గట్టిగా చెప్పాడు.