అరువు నవ్వు

"కుర్చీలో కూర్చుని వినడమేగా ట్రైనింగంటే! దానికి కూడా అలసిపోతానంటావేంటి?" అన్నాడు భర్త, ఆమె ఇస్త్రీ చేసి ఇచ్చిన చొక్కాకు గుండీలు పెట్టుకుంటూ. ఆమె నవ్వింది. ముందు ఎడమవైపు పెదవి కొస లేస్తుంది, తల కాస్త వాలుతుంది, ఆ తర్వాత కళ్ళు కిందికి దిగుతాయి. కొత్త కోడలుగా వచ్చిన వారానికే "ఎవరేమన్నా నవ్వుతూ ఉండమ్మా, ఇల్లు చల్లగా ఉంటుంది" అని అత్తగారు చెప్పింది. ఇల్లు చల్లగా ఉంచడం కోసం ఆమె స్నానాల గది అద్దం ముందు ఆ నవ్వును సాధన చేసింది. పదకొండేళ్ళు గడిచేసరికి, తానే నవ్వుతోందో, ఆ నవ్వే వచ్చి ముఖం మీద కూర్చుంటోందో ఆమెకే తెలియకుండా పోయింది.

ఆటిజం ఉన్న పిల్లలకు తరగతిలో ఎలా అండగా ఉండాలో టీచర్లకు నేర్పే శిక్షణ అది. నేర్పడానికి వచ్చిన పెద్దావిడ, తల్లిదండ్రుల అనుమతితో తీసిన వీడియో ఒకటి తెర మీద వేసింది. చూస్తే అది ఆమె పాఠాలు చెప్పే మూడో తరగతే. గంట మోగింది. పిల్లలంతా బల్లలు ఈడ్చుకుంటూ లేచారు. మొదటి వరసలో ఒక పిల్ల మాత్రం కదల్లేదు. అల్లరి చేయదని స్టాఫ్ రూములో అందరూ ముద్దుగా బొమ్మ అని పిలిచే పిల్ల. ఆటిజం ఉందని డాక్టరు కాగితం ఉన్నా, "ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది, సాయం అక్కర్లేదు" అని బడి ఫారంలో రాసింది క్లాసు టీచరుగా ఆమే. పక్కన ఒక నక్షత్రం కూడా గీసింది.

పెద్దావిడ వీడియో ఆపి, ఆ పిల్లను తెర మీద దగ్గరగా చూపించింది. బల్ల కింద ఆ పిల్ల గోళ్ళు తొడలోకి దిగబడి ఉన్నాయి. పైన ముఖం నవ్వుతోంది.

"గంట చప్పుడు ఈ పాప తట్టుకోలేకపోతోంది. ఏం చెయ్యాలో తెలీక, తిట్లు పడని మనిషెవరా అని చూసి, ఆ మనిషి ముఖాన్ని నేర్చుకుంది. పొద్దంతా దాన్ని మోసి, ఇంటికెళ్ళి కుప్పకూలుతుందట," అంది ఆవిడ.

ఎడమవైపు పెదవి కొస. వాలిన తల. దిగిన కళ్ళు.

"అయ్యో మేడం, అది మీ నవ్వే కదా! అచ్చు గుద్దినట్టు దించేసింది!" అని లెక్కల మాస్టారు పగలబడి నవ్వాడు. గదంతా ఘొల్లుమంది. ఆమెకు ఏడుపొచ్చింది. ఏడవబోతే బుగ్గలు వాటంతటవే పైకి లేచాయి. బల్ల కిందికి చూసుకుంటే, తన గోళ్ళు అరచేతిలోకి దిగబడి ఉన్నాయి. అక్కడి పాత మచ్చలు వంటపని వల్ల వచ్చాయని ఇన్నాళ్ళూ అనుకుంది.

మర్నాడు గంట మోగే వేళకు ఆ పిల్ల ఆమె ముఖంలోకే చూస్తోంది. రోజూ అలాగే చూసేది కాబోలు, తనే గమనించలేదు. గంట మోగింది. బుగ్గలు లేవబోయాయి. ఆమె బలవంతాన వాటిని ఆపి, రెండు చేతులతో చెవులు మూసుకుంది.

"నాకూ ఈ చప్పుడు పడదమ్మా. నువ్వూ మూసుకో. ఎవరూ ఏమీ అనరు."

పిల్ల ముఖం మీది నవ్వు కాసేపు అలాగే నిలబడింది. తర్వాత మెల్లగా జారిపోయింది. దాని వెనక, ఏడాదిలో ఒక్కసారి కూడా తాను చూడని ముఖం. బాగా అలసిపోయిన ముఖం. చిన్న చేతులు చెవుల మీదికి వెళ్ళాయి. ఆమె ఫారం తీసి పాత మాట కొట్టేసి, "సాయం కావాలి. ముందు ఈ గంట ఆపాలి" అని రాసింది.

సాయంత్రం ఇంట్లో టీవీ హోరెత్తిపోతోంది. "టీ ఇంకా రాలేదేంటి? నిన్న కూర్చున్న అలసట ఇంకా తీరలేదా?" అన్నాడు భర్త. ఆమె ముందు టీవీ గొంతు తగ్గించింది. నవ్వకుండా అతన్ని చూసింది. అత్తగారు తలెత్తింది.

"ఏంటమ్మా, ముఖమలా పెట్టావేం?"

"నా ముఖమే ఇది, అత్తయ్యా. మీరు చూడ్డం ఇదే మొదటిసారి."