మూడో చరణం

షారోన్‌కి మతి పోయింది. పోదూ మరి! సినిమా కోసం తను రాసి, తనే పాడిన ‘గట్టున దీపం’ పాటకి ఉన్నవి రెండే చరణాలు. సొంతూరు ఫరంపేటలో శుక్రవారం ప్రార్థన కూడికకి తను వచ్చిందన్న సంబరంలో ఆడవాళ్లంతా కలిసి అదే పాట మూడు చరణాలు పాడారు.

“మూడోది ఎవరు కట్టారు?” అనడిగింది.

“ఎవరో కట్టడమేవిటే? పన్నెండేళ్లబట్టి పాడుకుంటన్నాం కదా” అంది వరసకి అత్తయ్యే కృపమ్మ.

సినిమా వచ్చి రెండేళ్లే అయింది. హైదరాబాదులో అరగంటలో, ఒక్క కొట్టివేత లేకుండా రాశానని ఎన్ని ఇంటర్వ్యూల్లో గొప్పలు పోయిందో! ఇప్పుడు ఆ పాటకి అవార్డు ఇస్తారట. ‘ఇది పూర్తిగా నా సొంత రచన’ అన్న కాగితం మీద సంతకం పెట్టి సాయంత్రంలోగా పంపాలి.

కృపమ్మ కూడిక పాటల నోటుపుస్తకం తెచ్చి చేతిలో పెట్టింది. మూడు చరణాలూ ఉన్నాయి. దస్తూరి చూస్తే షారోన్‌దే! హమ్మయ్య, చిన్నప్పుడు తను కట్టిందే అన్నమాట. కానీ పేజీలు తిప్పితే పుస్తకమంతా తన దస్తూరే. ఎనిమిదో తరగతిలో, చదువురాని వీళ్లు చెబుతుంటే ఎక్కించిన పిల్ల తనే కదా! మరి దీన్ని కట్టిందా, ఎక్కించిందా? ఆ మరుసటేడే హాస్టల్‌కి వెళ్లిపోయింది. ఎంత బుర్ర గోక్కున్నా ఒక్క ముక్క గుర్తు రాదే!

“అత్తా, ఇది నేను కట్టిందేనా?”

“మా పిల్లోడు చేపలవేటకెళ్లి తిరిగి రాలేదు కదమ్మా. ఆ వారం నేను ఏడుస్తా అన్న మాటలే అయ్యి. నువ్వు పక్కన కూచుని రాసుకున్నావు. ఆ రాగం కూడా నా ఏడుపేనే.”

సినిమాలో అది ప్రియుడి కోసం పాడే పాట.

“టీవీలో వచ్చినప్పుడల్లా మీ మావయ్యని కేకేసేదాన్ని, మన షారోను మనోణ్ణి మర్చిపోలేదయ్యా అని” అంది కృపమ్మ, షారోన్ చెయ్యి పట్టుకుని.

అంతలో మేనేజరు సుదీప్ ఫోన్ చేశాడు. “సంతకం పెట్టేశారా మేడమ్?”

“పెట్టను. ఆ పాట నాది కాదు” అని ఫోన్ పెట్టేసింది.

కృపమ్మ ఇంకా ఆశగా ఆమె మొహంలోకే చూస్తోంది. గుర్తున్నాడత్తా అంటే ఆ తల్లి ప్రాణం ఎంత సంతోషిస్తుంది! కానీ షారోన్‌కి అతని మొహం కూడా గుర్తు లేదు.

“అత్తా, అతని పేరేంటి?”

“బెన్నీ” అంది కృపమ్మ, చెయ్యి వెనక్కి తీసుకుంటూ.