పడవల హాలులో కునుకు

పెద్ద పడవ అడుగుభాగం తుడవడం పూర్తయ్యేసరికి అతని మోకాళ్లు పట్టేశాయి. నడుం మీద చెయ్యి వేసుకుని లేచి, గుడ్డ దులుపుకుని, చిన్న పడవ దగ్గరికి జరిగాడు. నీళ్లు చూసి ఎన్ని తరాలయిందో ఆ పడవలకు! ఇప్పుడు ఇనుప కాళ్ల మీద, మ్యూజియం చిట్టచివరి హాలులో నిలబడి ఉన్నాయి. వాటికి అతను కాపలా. "ముట్టొద్దండీ" అనడమే ఉద్యోగం కాబట్టి తోటివాళ్లు అతన్ని ముట్టొద్దు బాబాయి అంటారు. కొన్నేళ్లుగా ఆ మాటా నోట్లోనే ఉండిపోతోంది. ముట్టుకోవడానికి మనిషంటూ రావాలి కదా!

"మీరు కుర్చీకి కాపలానా, కుర్చీ మీకు కాపలానా?" అని భార్య ఆటపట్టించేది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ ఒక్కసారీ ఇటు తొంగిచూడలేదు. కుట్టుమిషను ముందు నుంచి లేస్తే కదా! అతనికి లోపల చివుక్కుమనేది. పైకి నవ్వేసేవాడు.

ఈ మధ్య కొత్త అధికారిణి వచ్చింది. జనం రాని హాలెందుకు, మూసేసి పాత సామాన్లు అందులో పడేద్దామని పైవాళ్లంటే, ఒక్క అవకాశం ఇమ్మని పట్టుబట్టింది. గోడల మీద, బస్సుల వెనక పోస్టర్లు వేయించింది: "పడవల మధ్య ఒక కునుకు తీయండి." నేలంతా పరుపులు, దుప్పట్లు, కిటికీలకు నీలి తెరలు, స్పీకర్లలో ఏటి చప్పుడు. నిద్రపోవడానికి మ్యూజియానికి ఎవరొస్తారని అతను లోలోపల నవ్వుకున్నాడు.

ఆ మధ్యాహ్నం వచ్చారు. పొద్దున్నే బండెక్కిన డ్రైవర్లు, పసిపిల్లల తల్లులు, పరీక్షలు రాసి వాడిపోయిన ఆడపిల్లలు. అందరి వెనకాల, మెడలో కొలత టేపు తీయడం కూడా మరిచిపోయి, అతని భార్య.

"బస్సు వెనక చదివానండీ. మీ హాలేగా! నాకూ ఓ కునుకు దొరుకుతుందేమోనని..."

పెద్ద పడవ పక్కనున్న పరుపు చూపించాడు. ఆవిడ పడుకోబోతూ చెక్కను అరచేత్తో నిమిరింది. "ముట్టొద్దు" అన్న మాట నాలుక దాకా వచ్చింది. మింగేశాడు.

"ఎంత నున్నగా ఉందో! రోజూ మీరే తుడుస్తారా?"

"ఇంకెవరున్నారు?"

"మరి ఎప్పుడూ చెప్పలేదేం?"

ఆవిడ పడవనీ, అతన్నీ మార్చిమార్చి చూసింది. "సాయంత్రం జాకెట్లివ్వాలి, లేపండేం," అంటూ కళ్లు మూసుకుంది.

నీలి వెలుగు హాలంతా పరుచుకుంది. ఇంతమంది ఊపిరి ఒకేసారి పొంగి, ఒకేసారి తగ్గుతుంటే, పడవలు ఇనుప కాళ్లు వదిలి మెల్లగా ఊగుతున్నట్టు అనిపించింది అతనికి. మునివేళ్ల మీద వాటి మధ్య తిరిగాడు. ఇంట్లో కాళ్ల పీకులతో తెల్లవార్లూ దొర్లే మనిషి ముఖంలో ముడతలన్నీ విడిపోయి ఉన్నాయి. పెళ్లిచూపుల్లో తల వంచుకున్న అమ్మాయి మళ్లీ కనిపించింది. తనలో తనే సిగ్గుపడ్డాడు.

లైట్లు వెలిగాయి. ఆవలిస్తూ, నవ్వుకుంటూ జనం ఒక్కొక్కరే కదిలారు. అధికారిణి గబగబా వచ్చింది.

"మళ్లీ ఎప్పుడు పెడతారని అడుగుతున్నారు బాబాయి గారూ! ఇంక మన హాలు మూయరు. ఆవిణ్ణి లేపనా?"

"వద్దమ్మా. ఎన్నాళ్లకో పట్టింది నిద్ర. ఇంకాసేపు పడుకోనివ్వండి."

భార్య పక్కన నేల మీదే కూర్చున్నాడు. "విన్నావా, హాలు మూయరట," అని చెవి దగ్గర చెప్పాడు. చెయ్యి పట్టుకున్నాడు. చల్లగా ఉంది. దుప్పటి పైకి లాగబోయి ఆగిపోయాడు. ఆవిడ గుండెల మీద అది కదలడం లేదు. ఊపిరులన్నీ వెళ్లిపోయిన ఆ హాలులో ఏటి చప్పుడొక్కటే వినిపిస్తోంది. ఎవరినీ పిలవలేదు. ఆవిడ చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని అలాగే కూర్చున్నాడు.

గుమ్మం బయట అందరి చెప్పులూ వెళ్లిపోయి, ఒక్క జత మిగిలింది. మడమల దగ్గర అరిగిపోయి, ఒకదాని పట్టీకి పిన్నీసు పెట్టుకుని, రెండూ వీధి వైపు తిరిగి ఉన్నాయి.